సవరణ: కేజన్ ఫ్రెంచ్‌ను నిలబెట్టింది ఒక్క ప్రభుత్వ సంస్థే కాదు

అమెరికాలోని లూసియానాలో కేజన్ ఫ్రెంచ్‌కు (కెనడా వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఫ్రెంచ్ వాళ్ళ వంశస్థులైన కేజన్లు మాట్లాడే ఫ్రెంచ్) మళ్ళీ ప్రాణం పోసింది 1968లో ప్రభుత్వం పెట్టిన కోడోఫిల్ సంస్థే అని కిందటి పోస్టులో ఉంది, ఆ వాక్యాన్ని సరిచేస్తున్నాను. కోడోఫిల్ బడుల్లోకి ఫ్రెంచ్‌ను తెచ్చిన మాట నిజమే. కానీ మొదట్లో టీచర్లు ఎక్కువగా ఫ్రాన్స్, బెల్జియం, క్యూబెక్ నుంచి వచ్చారు, వాళ్ళు నేర్పింది పుస్తకాల ఫ్రెంచ్, ఇంట్లో నాయనమ్మ మాట్లాడేది కాదు. ఆ నాయనమ్మల తరాన్నేమో, బడుల్లో ఇంగ్లీషులోనే చెప్పాలన్న 1921 లూసియానా రాజ్యాంగం తర్వాత, బడి ఆవరణలో ఫ్రెంచ్ మాట్లాడనని పదేపదే రాయించి శిక్షించారు. ఆ సిగ్గును పోగొట్టింది చాలావరకు ఊళ్ళ జనమే.

కేజన్ ఫిడిల్ కళాకారుడు డ్యూయీ బాల్ఫానే చూడండి. స్కూల్ బస్సు నడిపిన మనిషి, 1964లో న్యూపోర్ట్ జానపద సంగీత ఫెస్టివల్‌లో కేజన్ పాటకు జనం లేచి చప్పట్లు కొట్టడం చూసి ఊరికొచ్చాడు, ఆ తర్వాత ఫిడిల్ పట్టుకుని బడిబడికీ తిరిగాడు. 1974లో లూసియానాలోని లాఫయెట్‌లో జరిగిన కేజన్ సంగీత కచేరీ వెనక కోడోఫిల్‌తో పాటు ఆయనలాంటి వాళ్ళ పట్టుదల కూడా ఉంది. ఆ కచేరీయే ఇప్పటి ఫెస్టివల్స్ అకాడియన్ ఎ క్రియోల్ ఉత్సవం, పేరులో క్రియోల్ వాళ్ళు (లూసియానాలో ఫ్రెంచ్, క్రియోల్ మాట్లాడే, ఎక్కువగా నల్లజాతి జనం) కూడా ఉన్నారు, వాళ్ళను వదిలేసి ఈ కథ చెప్పకూడదు.