ఐటీ రిటర్నులుంటే సర్కారు పదింతలు ఇస్తుందా? ఒక ఫార్వర్డ్‌కు జవాబు

ఏళ్లుగా వాట్సాప్‌లో తిరుగుతున్న మెసేజ్ ఇది. గ్రూపులో ఎవరో యాక్సిడెంట్‌లో పోయారని తెలిస్తే చాలు, ఓం శాంతిల మధ్యలో ఇదీ వచ్చి పడుతుంది. అందులో ఉండేది క్లుప్తంగా: "ప్రమాదంలో చనిపోయిన వ్యక్తి మూడేళ్లుగా ఐటీ రిటర్నులు వేసి ఉంటే, ఆ మూడేళ్ల సగటు ఆదాయానికి పది రెట్లు ప్రభుత్వం కుటుంబానికి ఇచ్చి తీరాలి. ఆదాయం 4, 5, 6 లక్షలైతే సగటు 5 లక్షలు, అంటే 50 లక్షలు వస్తాయి. తెలియక ఎవరూ అడగడం లేదు. మోటారు చట్టం సెక్షన్ 166." కింద ఒక సుప్రీంకోర్టు కేసు నంబరు, తేదీ. ఆ నంబరు చూశాక ఇంకెవరూ అనుమానపడరు.

1988 నాటి మోటారు వాహనాల చట్టం నిజం. సెక్షన్ 166 నిజం. మెసేజ్ చెప్పే హక్కు మాత్రం అందులో లేదు.

"ప్రభుత్వం ఇచ్చి తీరాలి"

సెక్షన్ 166 చెప్పేది వేరు. బండి వల్ల జరిగిన ప్రమాదంలో గాయపడినవారు గానీ, చనిపోయినవారి వారసులు గానీ నష్టపరిహారం కోసం మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేసుకోవచ్చని. మన కోర్టుల్లో ఎం.వి.ఓ.పి. (మోటారు వాహనాల ఒరిజినల్ పిటిషన్) అనేది ఇదే. అందులో ప్రతివాదులు డ్రైవరు, బండి యజమాని, ఇన్సూరెన్స్ కంపెనీ. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (బండి వల్ల అవతలివారికి జరిగే నష్టానికి చేయించే బీమా) తప్పనిసరి కాబట్టి మామూలుగా డబ్బు కట్టేది ఆ కంపెనీ. ఇన్సూరెన్స్ లేని బండి అయితే యజమాని కట్టాలి. గుద్దింది ప్రభుత్వ బండే అయితే ప్రభుత్వం కట్టవచ్చు, అదీ ఆ బండి యజమాని హోదాలోనే.

గుద్దిన బండి ఏదో తెలియని హిట్ అండ్ రన్ కేసులకు మాత్రం సెక్షన్ 161 కింద విడిగా పథకం ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు. అక్కడ ఆదాయం లెక్కే అడగరు, రిటర్నులు అంతకన్నా అడగరు.

"ప్రమాదంలో చనిపోతే"

ఏ ప్రమాదమైనా కాదు. కరెంటు షాక్, నీట మునగడం, మేడ మీది నుంచి పడడం ఈ సెక్షన్ పరిధిలోకి రావు. రోడ్డు ప్రమాదంలో కూడా తప్పు అవతలి వాళ్లదని చూపించాలి. తన నిర్లక్ష్యం వల్లే బండి బోల్తాపడి చనిపోయిన డ్రైవరు కుటుంబానికి 166 కింద పరిహారం రాదని సుప్రీంకోర్టు ఒకటికి రెండుసార్లు చెప్పింది. అలాంటప్పుడు చూడాల్సింది ఆ బండి పాలసీలో ఓనర్-డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఉందా అని. ఉంటే, బండి నడిపిన యజమానికి లైసెన్స్ కూడా ఉంటే, 15 లక్షలు. ఈ మెసేజ్ పంపేవాళ్లలో తమ పాలసీలో ఆ కవర్ ఉందో లేదో ఎంతమంది చూసుకున్నారో!

"సగటు ఆదాయానికి పది రెట్లు"

అసలు నష్టం ఇక్కడుంది. ఎందుకంటే చాలామంది విషయంలో ఈ పది రెట్లు రావలసిన దానికన్నా తక్కువ.

లెక్క ఎలా కట్టాలో 2009లో సరళా వర్మ కేసులో, 2017లో ప్రణయ్ సేఠీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వార్షిక ఆదాయం తీసుకుంటారు. మున్ముందు పెరిగేదని కొంత కలుపుతారు: పర్మనెంట్ ఉద్యోగి 40 ఏళ్ల లోపువాడైతే సగం, స్వయం ఉపాధి అయితే 40 శాతం, వయసు పెరిగేకొద్దీ తక్కువ. ఆ మొత్తంలోంచి మనిషి తన సొంతానికి ఖర్చుపెట్టుకునేదాన్ని తీసేస్తారు: పెళ్లికాని వారికి సాధారణంగా సగం, ఇద్దరు ముగ్గురు ఆధారపడి ఉంటే మూడో వంతు, నలుగురి నుంచి ఆరుగురైతే నాలుగో వంతు. మిగిలిన దాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు. 25 ఏళ్ల వరకు 18, ముప్పై వరకు 17, అలా తగ్గుతూ 65 దాటితే 5.

మెసేజ్‌లోని 5 లక్షలే తీసుకుందాం. ముప్పై ఏళ్ల పర్మనెంట్ ఉద్యోగి, ఆయన మీద భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి ఆధారపడ్డారు. సగం కలిపితే 7.5 లక్షలు. నాలుగో వంతు తీస్తే 5,62,500. పదిహేడుతో హెచ్చిస్తే 95,62,500. అదే జీతం ఉన్న 58 ఏళ్ల ఉద్యోగికి, ఇద్దరు ఆధారపడి ఉంటే, 15 శాతం కలిపి, మూడో వంతు తీసి, తొమ్మిదితో హెచ్చిస్తే 34.5 లక్షలు. అంత్యక్రియల ఖర్చు వంటివి వీటికి అదనం.

"యాభై లక్షలే మన హక్కు" అని నమ్మిన మొదటి కుటుంబం యాభైకి రాజీపడితే దాదాపు సగం వదులుకున్నట్టే. ఇంకో మాట: చనిపోయినవారి ఎల్‌ఐసీ డబ్బు వచ్చింది కదా అని పరిహారంలోంచి కోయడానికి వీల్లేదు. దీనిపై 1998లోనే సుప్రీంకోర్టు తీర్పు ఉంది.

"మూడేళ్ల రిటర్నులు ఉండాలి"

ఇలాంటి షరతు చట్టంలో ఎక్కడా లేదు. ఐటీ రిటర్ను మంచి సాక్ష్యమే, కోర్టులు దానికి విలువిస్తాయి. కానీ అది ఆదాయానికి రుజువు మాత్రమే. జీతం స్లిప్పులు, ఫారం 16 (జీతం, అందులో కోసిన పన్ను చూపుతూ కంపెనీ ఇచ్చే పత్రం), బ్యాంకు స్టేట్‌మెంట్లు, పని ఇచ్చిన యజమాని వచ్చి చెప్పే సాక్ష్యం కూడా రుజువులే. కాగితం ముక్క లేని కూలీ విషయంలో కనీస వేతనాలు, చేసే పని చూసి ట్రిబ్యునల్ ఒక అంచనాకు వస్తుంది. గృహిణి మరణానికి కూడా ఆమె ఇంటి పనికి విలువ కట్టి పరిహారం ఇస్తారు. ఆ ఊహాదాయానికి కూడా భవిష్యత్ పెరుగుదల కలపవచ్చని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మెసేజ్ చదివి "మావాడు రిటర్నులు వెయ్యలేదు, మనకేం రాదు" అని ఊరుకున్న ఇల్లు ఒక్కటున్నా అది పెద్ద అన్యాయం. మనిషి పోయాక హడావుడిగా పాత రిటర్నులు వేయించడం కూడా పనికిరాదు. అలాంటివాటిని కోర్టు అనుమానంగానే చూస్తుంది.

"తెలియక ఎవరూ అడగడం లేదు"

ట్రిబ్యునళ్ల నిండా ఈ కేసులే. తెలియాల్సింది పది రెట్ల సంగతి కాదు, గడువు సంగతి. 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు దరఖాస్తు పడాలి. ఈ గడువు మీద సుప్రీంకోర్టులో సవాలు నడిచింది, కానీ దాన్ని నమ్ముకుని ఆలస్యం చెయ్యొద్దు. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, బండి ఆర్‌సీ, ఇన్సూరెన్స్ పాలసీ కాపీలు ముందే తీసుకోండి. పోలీసులు 90 రోజుల్లో వివరమైన ప్రమాద నివేదిక ట్రిబ్యునల్‌కు పంపాలి, పంపారా అని స్టేషన్‌లో కనుక్కోండి. క్రిమినల్ కేసులో డ్రైవరు విడుదలైనా పరిహారం కేసు దానంతట అది పోదు. దరఖాస్తు ప్రమాదం జరిగిన చోటే వెయ్యక్కర్లేదు, మీరు ఉండే ఊరి ట్రిబ్యునల్‌లోనూ వెయ్యొచ్చు. లాయరు ఫీజు గురించి టెన్షన్ పడేవాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి: కేసు వేసేది మహిళ అయితే ఆదాయం ఎంతున్నా ఉచితంగా లాయరును ఇస్తారు.