మూడు పాయింట్లు వద్దన్న జట్టు

సగం ఆట అయ్యేసరికి 24-7 ఆధిక్యం. మిగతా సగం నిలబడితే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు డెట్రాయిట్ లయన్స్ తన చరిత్రలో మొదటిసారి లీగ్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ఆడేది. నిలబడలేదు. 2024 జనవరి 28, ఆదివారం శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ వరసపెట్టి 27 పాయింట్లు చేసి 34-31తో గెలిచింది. ఆ తర్వాత తిట్లన్నీ కోచ్ డాన్ క్యాంప్‌బెల్‌కే.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో పది గజాలు ముందుకు పోవడానికి నాలుగు ప్రయత్నాలు ఇస్తారు. నాలుగోదాకా వచ్చాక గోల్ అందే దూరంలో ఉంటే చాలామంది కోచ్‌లు బంతిని తన్నించి మూడు పాయింట్లు తీసుకుంటారు. క్యాంప్‌బెల్ రెండో సగంలో రెండుసార్లు అలా చేయలేదు, ముందుకు పోవడానికే చూశాడు. ఒక పాస్ రిసీవర్ చేతుల్లోంచి జారింది, ఇంకోటి అందనే లేదు. ఓటమి మూడు పాయింట్లతోనే కాబట్టి తప్పు పట్టేవాళ్లకు లెక్క సులువైంది.

మాకు ఆ లెక్క ఒప్పుగా తోచడం లేదు. ఈ తెగింపే లేకపోతే ఆ జట్టు ఆ ఆదివారం ఆ మైదానంలో ఉండేదే కాదు.

2008లో ఆడిన 16 మ్యాచ్‌లూ ఓడిన జట్టిది. 1957 లీగ్ టైటిల్ తర్వాత ఈ సీజన్ దాకా ప్లేఆఫ్‌లో (సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లలో) గెలిచింది ఒక్కసారే, 1992 జనవరిలో. 1934లో మొదలైన థాంక్స్‌గివింగ్ (అమెరికాలో నవంబరు పండగ) మ్యాచ్ పుణ్యమా అని పండగపూట కూడా ఓటమి చూడటం డెట్రాయిట్ ఇళ్లలో అలవాటైపోయింది. అక్కడి కార్ల కంపెనీల్లో పనిచేస్తూ శివార్లలోని ట్రాయ్, ఫార్మింగ్టన్ హిల్స్‌లో స్థిరపడ్డ మనవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు.

క్యాంప్‌బెల్ 2021లో వచ్చాడు. మొదటి సీజన్‌లో మూడే గెలుపులు. రెండోది 1-6తో (ఒక గెలుపు, ఆరు ఓటములు) మొదలైంది. మరో చోటైతే సామాను సర్దుకోమనేవారు. యజమాని షీలా ఫోర్డ్ హాంప్ మాత్రం కోచ్‌నూ, జనరల్ మేనేజర్ బ్రాడ్ హోమ్స్‌నూ కదపలేదు. మా దృష్టిలో ఈ సీజన్‌కు అసలు కారణం అదే. ఆ 1-6 జట్టే చివరికి 9-8కి చేరింది. 2023 సీజన్‌లో 12-5తో, 30 ఏళ్ల తర్వాత డివిజన్ (లీగ్‌లోని తన గ్రూపు) టైటిల్ కొట్టింది.

హోమ్స్ పని కూడా తక్కువది కాదు. క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరే ప్రధాన ఆటగాడు) మాథ్యూ స్టాఫర్డ్‌ను లాస్ ఏంజెలెస్ రామ్స్‌కు ఇచ్చి, వాళ్లు వద్దనుకున్న జారెడ్ గాఫ్‌ను, దాంతోపాటు డ్రాఫ్ట్ పిక్‌లను (కొత్త ఆటగాళ్లను ఎంచుకునే వంతులను) తెచ్చుకున్నాడు. అందులో ఒకటి మరో బేరంలో చేతులు మారి ఆటగాళ్లు జామిర్ గిబ్స్, శామ్ లపోర్టాలను తెచ్చిపెట్టింది. స్టాఫర్డ్ వెళ్లిన మొదటి సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిస్తే డెట్రాయిట్ బేరాన్ని చూసి నవ్వినవాళ్లున్నారు. 2024 జనవరి 14న అదే స్టాఫర్డ్ ప్లేఆఫ్ మ్యాచ్‌కు రామ్స్‌తో లయన్స్ సొంత మైదానం ఫోర్డ్ ఫీల్డ్‌కు వచ్చాడు. స్టేడియం అంతా గాఫ్ పేరే అరిచింది. లయన్స్ 24-23తో గెలిచింది. ప్లేఆఫ్ గెలుపు కోసం 32 ఏళ్ల ఎదురుచూపు ఒక్క పాయింట్ తేడాతో తీరింది. వారం తర్వాత టాంపాబే బకనీర్స్ కూడా అక్కడే ఓడింది.

28వ తేదీ ఆదివారం రాత్రి క్యాంప్‌బెల్ తన నిర్ణయాలకు బాధపడటం లేదన్నాడు. ఇక్కడిదాకా రావడం ఎంత కష్టమో తెలుసనీ, మళ్లీ రావాలంటే అంతకు రెండింతలు కష్టమనీ కూడా చెప్పాడు. తర్వాతి సీజన్‌లో నాలుగో ప్రయత్నం దగ్గర అతను ఏం చేస్తాడో చూడాలని మాకూ అనిపించింది.