తలుపు మూసి చేసే థెరపీకి నెలనెలా ఫీజెందుకు?

బెంగళూరులో ఆటిజం ఉన్న పిల్లలకు థెరపీ సెంటర్లకు కొదవ లేదు. మారతహళ్లి నుంచి వైట్‌ఫీల్డ్ దాకా బోర్డులే బోర్డులు. ఇక్కడి తెలుగు తల్లిదండ్రులు బోల్తా పడుతున్నది ఎంపిక దగ్గర. రంగుల గది, ఉయ్యాల, బంతుల తొట్టి చూసి చేర్పించేస్తున్నారు. అడగాల్సింది ఒకటుంది: సెషన్ జరుగుతున్నంతసేపూ అమ్మనో నాన్ననో లోపల కూర్చోనిస్తారా? కూర్చోనివ్వకపోతే ఆ సెంటర్ వద్దు.

లెక్క వేసి చూడండి. వారానికి ఐదు సెషన్లు, ఒక్కోటి 45 నిమిషాలు. మొత్తం నాలుగు గంటలు కూడా కాదు. పిల్లాడు మెలకువగా ఉండేదేమో వారానికి 80 గంటలకు పైనే. ఆటిజం ఉన్న పిల్లలు ఒకచోట ఒకరి దగ్గర నేర్చుకున్నది మరోచోట, మరొకరితో దానంతటదే చేయడం కష్టం. ఆ గదిలో నీళ్ల బొమ్మ కార్డు అందించి అడిగే పిల్లాడు వంటింట్లో నీళ్లకోసం తల బాదుకుంటాడు. అందుకే ఇంట్లోవాళ్లకు నేర్పని థెరపీకి అంత ఫీజు దండగ. తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చి చూసిన పాస్ అధ్యయనం గోవాలోనూ రావల్పిండిలోనూ జరిగింది, 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చింది. అందులో శిక్షణ ఇచ్చింది స్పెషలిస్టులు కూడా కారు, మామూలు ఆరోగ్య కార్యకర్తలు. ఆరు నెలల్లో 12 సెషన్లు, తల్లిదండ్రులు పిల్లలతో ఆడుకునే వీడియోలను వాళ్లకే చూపించి నేర్పారు. పెద్దలు స్పందించే తీరు మారింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది.

డయాగ్నసిస్ సంగతి చాలామందికి తెలిసిందే. పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే డెవలప్‌మెంటల్ పీడియాట్రిషియన్ దగ్గరికో, నిమ్హాన్స్ లాంటి చోట పిల్లల సైకియాట్రీ విభాగానికో వెళ్లాలి. మాట రాలేదంటే ముందు వినికిడి పరీక్ష, అవసరమైతే శబ్దానికి మెదడు స్పందనను కొలిచే బెరా. ఫిట్స్ అనుమానం గానీ, వచ్చిన మాటలు పోవడం గానీ లేకుండా అందరికీ ఈఈజీ, ఎమ్మారై రాసేవారిని ఎందుకని అడగండి. ఆటిజం తీవ్రతను కొలిచే ఇసా స్కేల్‌లో 40 అంశాలుంటాయి. 70 నుంచి 106 వస్తే తక్కువ స్థాయి, 153 దాటితే తీవ్రం. ఆ స్కోరు వైకల్య ధ్రువపత్రానికి పనికొస్తుంది గానీ రేపు పొద్దున పిల్లాడికి ఏం నేర్పాలో చెప్పదు.

స్పీచ్ థెరపిస్టుకు, స్పెషల్ ఎడ్యుకేటర్‌కు, క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. దాన్ని ఆన్‌లైన్‌లో సరిచూసుకోవచ్చు. రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టును మాత్రం ఆ నంబరు అడిగి లాభం లేదు, వాళ్లు ఆ కౌన్సిల్ కిందికి రారు. వాళ్ల డిగ్రీ చూడండి. ఆరు నెలల ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమన్నా, స్టెమ్ సెల్ పేరెత్తినా లేచి వచ్చేయండి. ఆటిజానికి స్టెమ్ సెల్ చికిత్సను సిఫార్సు చేయడం లేదని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లోనే తేల్చింది.

మొదటి నెలలోనే లక్ష్యాలు కాగితం మీద రాయించుకోండి. ‘ఐ కాంటాక్ట్ మెరుగుపరచడం’ అన్నది లక్ష్యం కాదు, కొలవలేం. ‘మూడు నెలల్లో, ఇంట్లో, రోజుకు ఐదుసార్లు, కావలసిన వస్తువును వేలితో గానీ బొమ్మ కార్డుతో గానీ అడగడం’ అన్నది లక్ష్యం. కార్డులు అలవాటైతే మాట రాదన్న భయం ఉత్తదే. అవి మాటకు అడ్డం రావు.

తల్లి కనబడితే పిల్లాడు ఏడుస్తాడు, సెషన్ సాగదు అని సెంటర్లు అంటాయి. మొదటి రెండు వారాలకు అది నిజమే కావచ్చు. అప్పుడు చివరి పదిహేను నిమిషాలకు పిలవమనండి, లేదా సెషన్ వీడియో ఇమ్మనండి. ఇద్దరికీ ఉద్యోగాలు, తీరికేదీ అంటారా? అన్నం పెట్టడం, స్నానం చేయించడం ఎలాగూ తప్పదు కదా, నేర్చుకోవాల్సింది ఆ పనుల్లోనే.

ఇక అసలు మంట పుట్టించే సలహా ఒకటుంది: ‘ఇంట్లో ఇంగ్లిష్ ఒక్కటే మాట్లాడండి, రెండు భాషలైతే పిల్లాడు కన్‌ఫ్యూజ్ అవుతాడు.’ దీనికి ఆధారం లేదు. రెండు భాషల మధ్య పెరిగిన ఆటిజం పిల్లల మాట, ఒకే భాషలో పెరిగినవాళ్లకన్నా వెనకబడలేదని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ సలహా పాటించిన ఇంట్లో ఏం జరుగుతుందో గమనించండి. తెలుగులో ఆట పట్టించి, పాట పాడి, ముద్ద ముద్దకీ కబుర్లు చెప్పే తల్లి, ఇంగ్లిష్‌లోకి మారగానే పరీక్ష పెట్టే టీచరైపోతుంది: వాట్ కలర్? సే ఆపిల్! సిట్ డౌన్! అనంతపురం నుంచి మనవడి కోసం వచ్చిన అమ్మమ్మ నోరే మూతబడుతుంది. పగలంతా పిల్లాడితో ఉండేది ఆవిడ! ఇంగ్లిష్ స్కూలు సీటు కోసం మనం ఇళ్లలో ఎప్పుడో మొదలుపెట్టిన పనికి ఇప్పుడు వైద్యం ముద్ర కూడా వేస్తున్నారు. అసెస్‌మెంట్ కూడా ఇంగ్లిష్‌లోనే చేసి, ‘షో మీ ద స్పూన్’ అంటే చూపించలేదని మార్కులు తగ్గిస్తే, చెంచా అనగానే పట్టుకొచ్చే పిల్లాడి సంగతి ఎవరు రాస్తారు?

థెరపిస్టుకు తెలుగు రాకపోయినా ఫర్వాలేదు. ఇంట్లో రోజూ వాడే ఇరవై ముప్పై మాటలు రాసివ్వండి: బువ్వ, నీళ్లు, ఇవ్వు, వద్దు, ఇంకా, అయిపోయింది, తలుపు తియ్యి. ఆమెకు కన్నడ వస్తే పలకడం ఇంకా తేలిక. సెషన్‌లో ఆ మాటలే వాడమనండి, బొమ్మ కార్డుల కింద కూడా అవే రాయించండి. నాలుగో సెషన్‌కు కూడా ఆ కాగితం ఫైల్లోంచి బయటికి రాకపోతే వేరే థెరపిస్టును వెతుక్కోవడం మొదలుపెట్టండి.