మొదటి పది నిమిషాల్లో చనిపోయే నాన్నగారికి

కత్తి పట్టిన ప్రతి కథానాయకుడి స్వర్గీయ నాన్నగారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని ఉత్తరం మొదలుపెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మీ విషయంలో అది కుదరదు కనుక నేరుగా విషయానికి వస్తాను.

నిన్న ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకు, తిరుపతి లీలామహల్ కూడలి దగ్గరి ఒక లాడ్జి గదిలో, మీరు మరోసారి కన్నుమూశారు. నేను పక్కనే ఉన్నాను. సాయంత్రం ఆరున్నర దాకా మిమ్మల్ని బతికించడానికి చేతనైనదంతా చేశాను. నాలుగు గంటలు, మూడు కాఫీలు, ఒక రక్తపోటు మాత్ర ఖర్చయ్యాయి. మీరు లేవలేదు.

జరిగింది ఇది. నా పాత శిష్యుడు ఒకడు ఫోన్లలో చూసే సీరియల్ తీస్తున్నాడు. అమెరికా రచయిత రాబర్ట్ హోవర్డ్, కోనన్ అనే కత్తివీరుడి మీద రాసిన కథల్లో ‘ఏనుగు బురుజు’ అంటే వాడికి ప్రాణం. తొమ్మిదో తరగతిలో ఒక వానాకాలం మధ్యాహ్నం, కరెంటు పోయినప్పుడు, ఆ కథ వాడికి చెప్పింది నేనే. రచయిత పోయిన అరవై ఏళ్ళకు మన దేశంలో హక్కులు తీరిపోతాయి. హోవర్డ్ 1936లోనే పోయాడు, పాపం ముప్పై ఏళ్ళకే. కాబట్టి ఎవరి అనుమతీ అక్కర్లేదు. కథను చంద్రగిరి కోట నేపథ్యానికి మార్చుకుంటామన్నాడు. సంతోషించాను. సంక్రాంతికి మా ఇంటికి వచ్చి, అరిసెలు తింటూ, “ఏనుగును మాత్రం ముట్టుకోను సార్” అని మాటిచ్చాడు.

నిన్న గోడ మీద పది భాగాల కథను కాగితాల మీద రాసి అంటించారు. మొదటి కాగితం మీద ‘ఊరు తగలబడుతుంది, నాన్న చనిపోతాడు’ అని ఉంది.

“ఈ నాన్న ఎవరు?” అన్నాను.

“హీరో నాన్న సార్.”

“కథలో లేడు కదా?”

“అందుకే చంపేశాం సార్.”

ఆ తర్కం నాకు ఇప్పటికీ అందలేదు. సరే, ఏనుగు ఎక్కడ అని అడిగాను. గ్రాఫిక్సుకు డబ్బు చాలదట. దాని బదులు ఏనుగు బొమ్మ ఉన్న లాకెట్టు పెట్టారు. ఆ లాకెట్టు ఎవరిదో మీకు వేరే చెప్పాలా? కొన ఊపిరితో మీరే అబ్బాయి మెడలో వేస్తారు.

అయ్యా, మీకు ఆ అసలు కథ తెలిసి ఉండదు, అందులో మీరు లేరు కనుక. 1933 మార్చిలో ‘వియర్డ్ టేల్స్’ అనే పత్రికలో వచ్చింది. ఒక కుర్ర దొంగ, వాడే కోనన్. కొండల నుంచి దిగి నగరానికి కొత్తగా వచ్చాడు. మాంత్రికుడి బురుజులో ఒక గొప్ప మణి ఉందని కల్లు దుకాణంలో విన్నాడు. ఇంతవరకు ఎవరూ ఎందుకు దొంగిలించలేదని అడిగితే అందరూ నవ్వారు. ఆ రాత్రే గోడ ఎక్కాడు. అంతే! వాడిని కదిలించింది ఇంత ఆశ, ఇంత రోషం, ఇంత కుతూహలం. లోపల వాడికి కనిపించింది మణి కాదు. వేరే లోకం నుంచి వచ్చి, మాంత్రికుడి చేత చిక్కి, కళ్ళు పోగొట్టుకుని, చిత్రహింసలు పడిన ఏనుగు తల జీవి. అది తొండంతో తడిమి చూస్తుంటే ఆ దొంగకు మనిషి జాతి చేసిన పాపమంతా తన నెత్తిన పడ్డట్టు సిగ్గు వేస్తుంది. అది కోరినట్టే దాని బాధ తీర్చి, మాంత్రికుడిని దాని చేతికే అప్పగించి, తెల్లవారేసరికి ఖాళీ చేతులతో బయటికి వస్తాడు. వెనక బురుజు కూలిపోతుంది.

తొమ్మిదో తరగతి పిల్లలు నలభై మంది ఆ చీకటి గదిలో ఊపిరి బిగబట్టి విన్నారు. “వాళ్ళ నాన్నను ఎవరు చంపారు సార్” అని ఒక్కడూ అడగలేదు. నిన్న కాగితాలు అంటించినవాడు కూడా అడగలేదు. మూడో బెంచీలో కూర్చుని ఏడ్చాడు.

మీ గురించి నేను కొంత పరిశోధన చేశాను, తప్పుగా అనుకోకండి. హోవర్డ్ మీకు ఇచ్చిన చోటు చాలా చిన్నది. కోనన్ కమ్మరి కొడుకు, యుద్ధభూమిలో పుట్టాడు. అంతకు మించి మీ ఊసు పెద్దగా లేదు. 1932 డిసెంబరులో వచ్చిన మొట్టమొదటి కథలో మీ అబ్బాయి అప్పటికే రాజు! మూడు నెలలు తిరిగేసరికి కుర్ర దొంగ. ఆ తర్వాత సముద్రపు దొంగ. సాహసాలు చేసినవాడు అరుగు మీద కూర్చుని గుర్తొచ్చినవి గుర్తొచ్చినట్టు చెబితే ఎలా ఉంటుందో ఆ కథలు అలా ఉంటాయి. బారసాల నుంచి వరసగా రావు.

సినిమా వాళ్ళకు ఆ అరుగు నచ్చలేదు. 1982లో జాన్ మిలియస్ అనే హాలీవుడ్ దర్శకుడు కోనన్‌ను సినిమాగా తీసినప్పుడు మొదట మీ చేత ఉక్కు మహిమ గురించి ఒక ఉపన్యాసం ఇప్పించారు. వెంటనే మీ మీదికి కుక్కలను వదిలారు. మీ ఇల్లాలి తల నరికించారు. అబ్బాయిని ఒక తిరగలికి కట్టేస్తే, దాన్ని తిప్పీ తిప్పీ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగ్గర్ అయ్యాడు. కథల్లో ఆ కుర్రవాడు బానిసగా పెరగలేదు. ఇల్లు విసుగు పుట్టి లోకం చూడటానికి తన కాళ్ళతో తాను బయలుదేరినవాడు. మిమ్మల్ని చంపడానికి కోనన్ కథల్లో తగిన దుర్మార్గుడు దొరక్క, అదే రచయిత మరో వీరుడి కోసం రాసిపెట్టుకున్న మాంత్రికుడిని పొరుగింటి నుంచి అప్పు తెచ్చారు. బురుజు ఎక్కే ఘట్టం మాత్రం ఉంది. పైన ఏనుగు లేదు, పాము ఉంది. పాము చవక కాబోలు.

2011లో మళ్ళీ తీశారు. ఈసారైనా బతుకుతారేమో అని ఆశపడ్డాను. కాగిన లోహం మీద పోసుకుని పోయారు. అంతకు ముందు, 1985లో, ఎర్రజుట్టు సోంజా అనే అమ్మాయికి నాన్నగా ఉన్నప్పుడు కూడా ఇంటిల్లిపాదీ పోయారు. 2009లో సోలమన్ కేన్ అనే సన్యాసి లాంటి వీరుడి సినిమా వచ్చింది. అతనూ హోవర్డ్ సృష్టే. ఎందుకు దేశాలు పట్టి తిరుగుతున్నాడో ఆయన తేల్చి చెప్పలేదు, ఆ గుట్టే అతని అందం. సినిమాలో ఆ గుట్టు విప్పి, లోపల ఒక కోటను, ఒక అన్నను, మిమ్మల్ని కూర్చోబెట్టారు. మీకు విశ్రాంతి లేదు, ఒప్పుకుంటాను.

ఇదంతా దొరల గొడవ, మనకెందుకు అంటారా? మన దగ్గర ఈ జబ్బు ఇంతగా ఉండేది కాదనే నా ఏడుపు. 1951లో పాతాళ భైరవి వచ్చింది. కాశీమజిలీ కథల నుంచి దారం తీసుకుని, కె.వి. రెడ్డి తీశారు. తోట రాముడు మాంత్రికుడి వెంట గుహలోకి ఎందుకు వెళ్ళాడు? రాజకుమారి కావాలి, రాజుగారితో సరితూగే సంపద కావాలి, అందుకని. పగ లేదు. ప్రేమ ఉంది, దానికి తోడు దురాశ కూడా కొంచెం ఉంది. నేపాళ మాంత్రికుడికీ రాముడి కుటుంబంతో పాత లెక్కలేమీ లేవు. బలి ఇవ్వడానికి ఒక సాహసవంతుడు కావాలి, వీడు దొరికాడు, అంతే. అందుకే ఎస్.వి. రంగారావు ఆ గడ్డం నిమురుకుంటుంటే ఏం చేస్తాడో తెలియక మనం వణికాం. ఆయనే గనక మొదటి రీలులో నాన్నను పొడిచి ఉంటే ఇంకేముంది, కోర్టు వాయిదాకు వచ్చిన ముద్దాయిలా ఉండేవాడు.

బాలనాగమ్మ కథ చూడండి. అక్కడ నాన్నకు కష్టం వచ్చిన మాట నిజమే, కానీ మర్యాదగా రాయిగా మార్చి పక్కన పెట్టారు. కొడుకు బయలుదేరింది అమ్మను తెచ్చుకోవడానికి. పనిలో పనిగా నాన్న కూడా దుమ్ము దులుపుకుని లేచాడు. ఎంత పొదుపు!

ఇక మా గంగమ్మ తల్లి. ఆ లాడ్జి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో తాతయ్యగుంటలో గుడి ఉంది. ఆడపిల్లలను చెరబట్టే పాలెగాడిని పట్టుకోవడానికి ఆమె మారువేషాలు వేసింది. దొర వేషంలో వెళ్ళి తల నరికింది. ఏటా మే నెలలో ఊరు ఊరంతా ఆ వేషాలు కడుతుంది. ఇన్నేళ్ళలో ఏ భక్తుడైనా “ఇంతకీ అమ్మవారి నాన్నను పాలెగాడు ఏం చేశాడు” అని అడిగాడా? వాడు దుర్మార్గుడు. ఆమె దగ్గర కత్తి ఉంది. ఇంకేం కావాలయ్యా?

జాతరలో వేషం కట్టినవాళ్ళు తిట్టవచ్చు, అది ఆచారం. నేను వేషం కట్టలేదు కానీ తిట్టాలనే ఉంది. మీరు చచ్చిన క్షణం నుంచి కథ కూడా చచ్చిపోతోంది! గుహ ఉంటుంది, అందులో ఏముందో అని చూడబుద్ధి కాదు. మీ హంతకుడే ఉంటాడని ముందే తెలుసు. మంత్రాలుంటాయి, ఒక్కటీ భయపెట్టదు. చివరికి మాంత్రికుడి గుండెలో కత్తి దిగుతుందని అర్ధరూపాయి కొబ్బరి మిఠాయి తినే పిల్లవాడికి కూడా తెలుసు. కత్తి పట్టడానికి ఒక ధ్రువపత్రం కావాలా? మున్సిపల్ కార్యాలయం నుంచి మరణ ధ్రువపత్రం తెచ్చిన వారికే సాహసం మంజూరు చేస్తారా? ఆశపడినవాడు, దొంగతనానికి వెళ్ళినవాడు, ఊరికే చూసొద్దామని గోడెక్కినవాడు వీరుడు కాకూడదా? ఆ సిగ్గు, ఆ జాలి, ఆ ఖాళీ చేతులు, అన్నీ తీసి పారేసి ఒక లాకెట్టా!

క్షమించండి. రక్తపోటు.

మిగతా విషయాలు తొందరగా చెప్పేస్తాను. రాయలసీమ ఎండలో మీ అబ్బాయికి బొచ్చు కోటు తొడుగుతున్నారు. తీసేయమనండి, వడదెబ్బకు పోతాడు. కథ పది భాగాలయ్యాక కూడా పూర్తి కాదట, మిగిలింది రెండో విడతలోనట. చంద్రగిరి రాజమహల్‌ను ఆకాశం నుంచి పదకొండు సార్లు చూపిస్తారట. చూపించుకోనివ్వండి, అది అందంగానే ఉంటుంది.

ఇంత తిట్టాక ఒక మాట దాచలేను. ఆ పది నిమిషాలూ మీరు బాగుంటారు. అబ్బాయి చేతిలో చెక్క కత్తి పెట్టి, పాదాలు ఎలా నిలపాలో చూపించి, మంచు మీద పక్కన కూర్చుంటారు. చూస్తూ చూస్తూ నాకు మా నాన్న గుర్తొస్తారు. ఆయన గుమాస్తా. కత్తి అంటే కూరగాయల కత్తిపీటే. ఒక వేసవిలో నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని టూరింగ్ టాకీసుకు పాత పాతాళ భైరవి రెండో ఆటకు తీసుకెళ్ళారు. ఇసుకలో కూర్చున్నాం. రోజంతా పద్దులు రాసిన అలసటతో ఆయన నిద్రపోయేవారు, రంగారావు గొంతు వినిపించినప్పుడల్లా లేచేవారు. తెర మీద రాముడికి అమ్మ కనిపిస్తోంది, నాన్న కనిపించడం లేదు. నాకు అనుమానం వచ్చింది.

“రాముడి నాన్న ఏడీ నాన్నా?”

ఆయన కళ్ళు తెరవకుండానే, “పనికి వెళ్ళుంటాడు లేరా” అన్నారు.

అది చాలింది నాకు. తిరిగి గుహలోకి వెళ్ళిపోయాను.

కాబట్టి నా మనవి ఒక్కటే. ఈసారి వాళ్ళు ఊరు తగలబెట్టడానికి వచ్చేసరికి మీరు ఇంట్లో ఉండకండి. పనికి వెళ్ళండి. కమ్మరి కొలిమి ఉంది కదా, సుత్తి తీసుకుని నాలుగు గంటలకే బయలుదేరండి. మీ అబ్బాయి గోడ ఎక్కి వస్తాడు, రాత్రి ఆలస్యమవుతుంది, వచ్చాక చెవి మెలిపెట్టండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి

తా.క.: ఉత్తరం మడిచి పెట్టబోతుంటే శిష్యుడు ఫోన్ చేశాడు. రాత్రంతా ఆలోచించాడట. నా మాటే నిజమట. “నాన్నను తీసేశాం సార్, మీ కోసమే” అన్నాడు. గొంతు పూడుకుపోయి మాట రాలేదు. మరి లాకెట్టు ఎవరిస్తారని మాత్రం అడిగాను.

“చిన్నప్పుడు వాడికి కథలు చెప్పిన గురువుగారు ఒకరుంటారు సార్. మొదటి భాగంలో ఆయన్ను చంపేస్తున్నాం.”