మహారాజశ్రీ కాస్మిక్ కిరణం గారి దివ్య సముఖానికి

అయ్యా,

హైదరాబాద్ పౌరుడొకడు నమస్కరించి చేసుకునే విన్నపం.

తమరు ఎక్కడో నక్షత్రాల మధ్య నుంచి వస్తారు, చాలా వరకు ప్రోటాన్లు. కానీ తమ దర్శనం మాకు దొరకదు. వాతావరణంలో అడుగుపెట్టగానే ఏ నైట్రోజన్ కేంద్రకాన్నో ఢీకొని ముక్కలైపోతారు. నేల దాకా వచ్చేది తమ అనుచరగణమే. నాయకుల విషయంలో మాకున్న అనుభవమూ ఇదే. అరచెయ్యి చాపితే ఇంచుమించు సెకనుకో మ్యూయాన్ అనే కణం దూసుకుపోతుంది. శ్లాబును కూడా లెక్కచేయదు. ఎవరి తాలూకని అడిగేలోపే నేలలోకి దిగిపోతుంది.

ముక్కలు కాకముందే తమరిని చూడాలంటే మేమే ఎదురు రావాలి. 1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త హైడ్రోజన్ బెలూన్‌లో 5 కిలోమీటర్లు దాటి ఎక్కాడు. పైకి పోయేకొద్దీ రేడియేషన్ పెరుగుతోందని, అంటే తమరు పైనుంచే వస్తున్నారని కొలిచి వచ్చాడు. నోబెల్ ఇచ్చింది 1936లో. మా కార్యాలయాల లెక్కన ఫైలు చురుగ్గానే కదిలింది.

ఇక్కడ ఇ.సి.ఐ.ఎల్. దగ్గర టాటా మౌలిక పరిశోధన సంస్థ వారి బెలూన్ కేంద్రం 1969 నుంచి ఉంది. గాలి సద్దుమణిగిన వేళ చూసి, మైదానంలో పలచని పాలిథిన్ బెలూన్‌ను బారుగా పరుస్తారు. లేచేటప్పుడు కొసన మాత్రమే హైడ్రోజన్ ఉబ్బు, మిగతాదంతా ముడతలు పడి వేలాడుతుంది. పైన పీడనం తగ్గాక ఆ కాస్త వాయువే దాన్ని నిండుగా ఉబ్బిస్తుంది. 40 కిలోమీటర్ల దరిదాపుల్లో తమకూ బెలూన్‌కు వేలాడే పరికరానికీ మధ్య వాతావరణంలో అర శాతం కూడా ఉండదు.

అక్కడా భూమి అయస్కాంత క్షేత్రం కాపలా ఉంది. భూ అయస్కాంత మధ్యరేఖకు దగ్గర కావడంతో, సుమారు 16 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల లోపు శక్తి ఉన్న ప్రోటాన్లకు హైదరాబాద్ మీద ప్రవేశం లేదు. చిన్నవాళ్లను గేటు దగ్గరే తిప్పి పంపే ఆచారం ఈ ఊరికి కొత్త కాదు లెండి.

పెద్దవారి అపాయింట్‌మెంట్ మరీ దుర్లభం. వెయ్యి లక్షల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు దాటినవారు చదరపు మీటరుకు ఏడాదంతా కలిపినా అతి కొద్దిమందే! ఇక్కడి బెలూన్ గాల్లో ఉండేది గంటలే. అందుకే 2004 డిసెంబరులో క్రీమ్ అనే పరికరాన్ని అంటార్కిటికాలో ఎగరేస్తే, అది 42 రోజులు అక్కడే చక్కర్లు కొడుతూ తమ కోసం పడిగాపులు కాసింది. వచ్చినవారిని కర్బన దిమ్మెలకు ఢీకొట్టించి, టంగ్‌స్టన్ పలకల మధ్య శక్తిని లెక్కగట్టింది.

ఇక్కడ పని అయ్యాక రేడియో ఆదేశంతో పరికరాన్ని విడదీస్తారు. పారాచూట్ సాయంతో ఏ చేలోనో దిగుతుంది. తెరవకండి, పోలీసులకు చెప్పండి అని పత్రికల్లో ముందే ప్రకటన ఉంటుంది, చదివేదెవరు? జనం ఫోన్లతో చుట్టుముడతారు. టీవీలో "ఆకాశం నుంచి వింత వస్తువు" అని ఎర్రక్షరాలు పరుగులు తీస్తాయి. నిజంగా అంతరిక్షం నుంచి వచ్చి, మా అందరి ఒంట్లోంచి రేయింబవళ్లు దూసుకుపోయే తమ పరివారం ఊసు ఎవరికీ పట్టదు. ఇ.సి.ఐ.ఎల్. నుంచి పోయిన పెట్టె మాత్రం గ్రహాంతరవాసులది!

కనుక మనవి ఏమంటే, వచ్చే చలికాలంలో బెలూన్ లేచినప్పుడు మందీమార్బలం లేకుండా, ఆ కొద్ది గంటల్లోనే, పరికరం గుండా తిన్నగా దయచేయండి. పక్కనుంచి పోతే లెక్కలోకి రారు. లక్షల ఏళ్లుగా ప్రయాణంలో ఉన్నవారిని తొందరపెట్టడం మర్యాద కాదు, కానీ తెల్లారితే గాలి లేస్తుంది.

ఇట్లు,
సిఫారసు లేని ఒక పౌరుడు,
ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా, హైదరాబాద్