ఓస్, ద్వేషమేనా!

మొన్న మొదటి ఆదివారం మద్రాసులో మా పెరంబూరు తెలుగు క్రైస్తవ సంఘంలో బల్ల, అంటే ప్రభువు రాత్రి భోజనం. ట్రే వరసలో చేతులు మారుతూ నా దాకా వచ్చింది. చిటికెన వేలంత గాజు కప్పులు, అడుగున రెండు గుటకల ద్రాక్షరసం. నేను తీసుకోకుండా పక్కనున్న ఆంటీకి అందించాను. ఆవిడ తీసుకుంది గాని ప్రార్థన అయ్యేదాకా కళ్లు మూసుకోలేదు, నన్నే చూస్తూ కూచుంది.

ఆరాధన అయ్యాక చెప్పుల దగ్గర పట్టుకుంది. "ఏమ్మా, బల్ల తీసుకోలేదే? పాప ఏమన్నా చేసిందా?" లేదాంటీ అన్నాను. "అప్పులేమన్నా చేశారా?" లేదు. గొంతు తగ్గించి, "మీ ఆయన తాగుతున్నాడా?" మా ఆయనకి సోడా తాగితేనే పొలమారుతుంది. ఇక దాచడమెందుకని చెప్పేశాను. "మా తమ్ముడి మీద ద్వేషం ఉందాంటీ లోపల. అది పెట్టుకుని తీసుకోబుద్ధి కాలేదు."

"ఓస్, ద్వేషమేనా! నేనింకా ఏందో అనుకున్నా." ఆవిడ మొహంలో ఎంత నెమ్మది వచ్చిందో! సంచిలోంచి జామకాయ తీసి నా చేతిలో పెట్టి బస్సుకి వెళ్లిపోయింది.

ఆవిడ చెడ్డదేం కాదు. మా అమ్మ పోయినప్పుడు మూడు రోజులు ఇంటికి క్యారియర్ పంపిన మనిషి. కానీ ఆ "ఓస్" నన్ను వదలడం లేదు. అది ఆవిడ ఒక్కదాని మాట కాదు. మనందరం సండే స్కూల్ నుంచి నేర్చుకున్న లెక్క అది. పాపాల్లో పెద్దవి, చిన్నవి ఉంటాయి. పెద్దవి బయటికి కనబడతాయి. వాసన వస్తాయి, పెళ్లి శుభలేఖలో పేరు చూస్తే తెలిసిపోతాయి. ద్వేషం వాసన రాదు కాబట్టి అది చిన్నది.

నిరుడు మా సంఘంలో ఒక కుర్రాడు టాస్మాక్ (సర్కారు సారా కొట్టు) దగ్గర కనబడ్డాడని ఆరు నెలలు బల్ల నుంచి ఆపారు. ఒక అమ్మాయి సంఘం బయటివాణ్ణి పెళ్లి చేసుకుందని వాళ్ల అమ్మానాన్నల్ని కూడా ఆపారు (వాళ్లేం చేశారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు). ఆ రెండు తీర్మానాల మీదా సంతకం పెట్టిన పెద్దల్లో ఇద్దరు ఒకరితో ఒకరు తొమ్మిదేళ్లుగా మాట్లాడుకోరు. ఒకాయన ప్రార్థన చేస్తుంటే ఇంకొకాయన ఆమేన్ అనడు. అది సంఘంలో పిల్లలకి కూడా తెలుసు. ఇద్దరూ ప్రతి మొదటి ఆదివారం బల్ల అందిస్తారు. చెరో వరస.

ఇంటికొచ్చి బైబిల్లో పౌలు రాసిన గలతీ పత్రిక ఐదో అధ్యాయం తీశాను. శరీరకార్యాల జాబితా. కంఠతా వచ్చిన వాక్యమే. మొదట జారత్వం, చివర్న మత్తతలు, అల్లరితో కూడిన ఆటపాటలు. మన ప్రసంగాలన్నీ ఈ రెండు చివర్లు పట్టుకునే వేలాడతాయి. మధ్యలో ఏముందో మొన్న వేలు పెట్టి లెక్కపెట్టాను: ద్వేషములు, కలహము, మత్సరములు, క్రోధములు, కక్షలు, భేదములు, విమతములు, అసూయలు. మొత్తం 15లో ఈ బాపతువే 8. సగానికి పైన! పౌలు వీటిని పక్కపక్కనే కూర్చోబెట్టి, ఇట్టివి చేసేవాళ్లు దేవుని రాజ్యమును స్వతంత్రించుకొనరు అన్నాడు. తాగుబోతుకి ఒక గేటూ, పగబట్టినవాడికి ఇంకో గేటూ పెట్టలేదు.

యోహాను అయితే అసలు మొహమాటపడలేదు. "తన సహోదరుని ద్వేషించువాడు నరహంతకుడు." మొదటి పత్రిక, 3:15. ఆ నరహంతకుడు అన్న చోట గ్రీకులో ఉన్న మాట ఆంత్రోపోక్తోనోస్. కొత్త నిబంధన మొత్తంలో ఆ మాట వచ్చేది మూడే సార్లు. రెండు ఈ ఒక్క వాక్యంలోనే. మూడోది యోహాను సువార్త 8:44లో, అక్కడ అది ఎవరి గురించో తెలుసా? అపవాది గురించి. "ఆదినుండి వాడు నరహంతకుడు." అంటే ఆ పేరు సాతానుకీ, తమ్ముణ్ణి ద్వేషించే నాకూ కలిపి ఇచ్చిన పేరు. ఇది చదివి "ఓస్" అనగలిగితే మన నరాలు గట్టివే.

కోపం వేరు, ఒప్పుకుంటాను. కోపం రానివాడు మనిషి కాదు. "కోపపడుడి గాని పాపము చేయకుడి" అని ఎఫెసీ పత్రికే చెప్పింది, దానికి పొద్దుగూకేదాకా గడువు కూడా ఇచ్చింది. ఆ గడువు దాటితే ఏమవుతుందో పాతకాలపు క్రైస్తవ గురువు అగస్టీను తన మఠంవాళ్లకి రాసిన నియమావళిలో ఉంది. తగాదాలు తొందరగా తెంచుకోండి, లేకపోతే కోపం ముదిరి ద్వేషమవుతుంది, నలుసును దూలం చేస్తుంది, ఆత్మను హంతకిని చేస్తుంది అని రాసి, కింద ఇదే యోహాను వాక్యం పెట్టాడు. ఎవరికి రాశాడు? రౌడీలకి కాదు. పొద్దున్నే లేచి కీర్తనలు పాడే సన్యాసులకి.

నా నలుసు దూలమైన సంగతి చెప్తాను. మా నాన్నది చీరాల పక్క ఊరు. ఐసీఎఫ్‌లో, అంటే రైలు పెట్టెల ఫ్యాక్టరీలో, పని దొరికి మద్రాసు వచ్చాడు. రిటైరైన డబ్బుతో విల్లివాక్కంలో రెండు పోర్షన్ల ఇల్లు కొన్నాడు. చివరి ఏడాది ఆయనకి నన్ను చూసి మా అత్త పేరు పెట్టి పిలిచేంత మరుపు. ఆ ఏడాదే మా తమ్ముడు ఆయన చేత ఇల్లు తన పేరున రాసే సెటిల్‌మెంట్ డీడ్ మీద వేలిముద్ర వేయించుకున్నాడు. ముప్పై ఏళ్లు సంతకం పెట్టి జీతం తీసుకున్న మనిషి వేలిముద్ర. నాకు తెలిసింది నాన్న పోయిన నలభయ్యో రోజున. అప్పుడు వచ్చింది కోపమే, న్యాయమైన కోపం. ఇది జరిగి నాలుగేళ్లు.

పోయిన నెలలో గిండీలో మా ఆఫీసు నుంచి బయల్దేరుతున్నాను. ఫ్యామిలీ గ్రూపులో మెసేజ్: తమ్ముడికి ఛాతీలో నొప్పి, ఆసుపత్రిలో చేర్చారు, స్టెంట్ వేస్తున్నారు, ప్రార్థన చేయండి. లిఫ్ట్ ఎక్కాను. నాలుగో అంతస్తు నుంచి కిందికి దిగేలోపు వాడు పోయాడు. కీల్పాక్ సమాధుల తోటలో నేను తెల్లచీరలో నిలబడ్డాను. మరదలు నా భుజం మీద పడి "వదినా, ఇల్లు నువ్వే తీసుకో" అని ఏడ్చింది. నేను పెద్దమనసుతో సగమే తీసుకున్నాను. మొత్తం చూసేశాను, రంగుల్లో. బాధ లేదు. సుఖంగా ఉంది. ఎండలో నడిచొచ్చి మజ్జిగ తాగినట్టు ఉంది. తలుపు తెరుచుకుంది, సెక్యూరిటీ అతను "మేడం, బయట వాన" అన్నాడు. గ్రూపులో నేను రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాను.

నరహంతకుడు అన్న మాట పెద్ద అతిశయోక్తి అనుకునేదాన్ని. ఆ రోజు నుంచి అనుకోవడం లేదు. కత్తి లేదు, ధైర్యం లేదు, జైలంటే భయం. ఇవి లేకపోవడం వల్లనే మా తమ్ముడు బతికున్నాడు, నా మనసు మంచిదై కాదు.

థామస్ అక్వినాస్ 13వ శతాబ్దంలో ఈ ప్రశ్నని నిదానంగా విప్పాడు. (నేను బాప్టిస్టు ఇంటి పిల్లని. క్యాథలిక్ పండితుణ్ణి చదివానని మా పాస్టరు అయ్యగారికి చెప్పకండి.) జరిగిన నష్టం చూస్తే చంపడం, దోచుకోవడం పెద్దవి, ద్వేషం ఎవరి రక్తమూ చిందించదు. కానీ లోపల మనసు ఎంత వంకర పోయిందో చూస్తే, పొరుగువాడి మీద చేసే పాపాల్లో ద్వేషమే అన్నిటికన్నా పెద్దది అంటాడు. ఇంకో మాట నాకు బాగా గుచ్చుకుంది. ద్వేషాన్ని ఏడు మూల పాపాల్లో ఎందుకు చేర్చలేదంటే, అవి పాపం మొదలయ్యే చోట్లు. ద్వేషం మొదలు కాదు, చివర. ప్రేమించడం మనిషికి పుట్టుకతో ఉన్నది కాబట్టి అది అన్నిటికన్నా ఆఖర్న చస్తుంది. అసూయ దాన్ని ఆ దాకా నడిపిస్తుంది. మా తమ్ముడికి చిన్నప్పుడు నాన్న సైకిల్ కొనిపెట్టాడు, నాకు పెట్టలేదు. సెటిల్‌మెంట్ డీడ్ కన్నా ముందు ఆ సైకిల్ ఉంది. నలభై ఏళ్లు దాటాక ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

ఇక బల్లకి ముందు ప్రతిసారీ చదివే వాక్యం. "అయోగ్యముగా" ఈ రొట్టె తినేవాడు, ఈ పాత్రలోది తాగేవాడు అని మొదటి కొరింథీ 11లో. అది చదివి అయ్యగారు ఒక్క క్షణం ఆగి కుర్రాళ్ల బెంచీ వైపు చూస్తారు. సిగరెట్టు వాసన ఎవరి దగ్గరొస్తుందో అన్నట్టు. కానీ దాని పైనున్న వాక్యాలు చదవరు. కొరింథులో డబ్బున్నవాళ్లు ముందొచ్చి తినేస్తున్నారు, లేనివాళ్లు ఆకలితో చూస్తున్నారు. పౌలు మండిపడింది దానికి: పేదలను సిగ్గుపరచుదురా? ఆ అయోగ్యత అంతా పక్కవాణ్ణి మనిషిగా చూడకపోవడంలో పుట్టింది.

మన మద్రాసుకే ఆ చరిత్ర ఉంది. ఇక్కడి సంఘాల్లో పై కులాలనుకునేవాళ్లు వేరే కూర్చునేవాళ్లు, బల్ల దగ్గర ముందు తీసుకునేవాళ్లు. 1833లో కలకత్తా బిషప్ డానియల్ విల్సన్ ఉత్తరం రాశాడు. కులభేదం సంఘంలో వెంటనే, పూర్తిగా, మళ్లీ తలెత్తకుండా పోవాలని. వెపేరీలో ఏం జరిగిందంటే, చాలామంది లేచి సంఘమే వదిలి వెళ్లిపోయారు. యేసుని వదులుకోవడానికైనా సిద్ధపడ్డారు గాని ఒకే గిన్నెలో మూతి పెట్టడానికి కాదు. వెపేరీ మా ఇంటికి ఆటోలో పావుగంట. ఇప్పుడు విడివిడి చిన్న కప్పులు వచ్చాయి, ఆ గొడవే లేదు. అయినా మన తెలుగు సంఘాల్లో ఏ ఇంటిపేరు ఏ పేటదో చూడకుండా సంబంధం ఎవరు కలుపుకుంటున్నారో చెప్పండి.

యూట్యూబ్ బోధకుల సంగతి ఎత్తితే ఈ పోస్టు తెల్లారదు. వాడు దొంగ బోధకుడు, వీడు అపవాది సంబంధి, కింద అన్నీ "ఆమేన్ బ్రదర్". యేసు "వ్యర్థుడా" అన్న ఒక్క మాటకి మహాసభ విచారణ పెట్టాడు. వీళ్లు గంటకి ముప్పై సార్లు అంటారు, సబ్‌స్క్రైబ్ చేయమని కూడా అడుగుతారు.

దావీదు ద్వేషించలేదా, 139వ కీర్తన చూడు అని మా పెద్దల్లో ఒకాయన నన్ను నిలదీశాడు. చూశాను. నిన్ను ద్వేషించువారిని నేనూ ద్వేషిస్తున్నాను, వారియందు నాకు పూర్ణద్వేషము కలదు అని ఉంది నిజమే. ఆ తర్వాతి వాక్యం? "దేవా, నన్ను పరిశోధించి నా హృదయమును తెలిసికొనుము." ద్వేషం నోట్లోంచి బయటపడగానే మనిషికి తన మీదే అనుమానం వచ్చింది. మా పెద్దాయన 22 దగ్గరే పుస్తకం మూసేశాడు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పాలి, ఎందుకంటే నేను పైన రాసిందంతా దెబ్బలు తిన్నవాళ్ల నోరు మూయించడానికి వాడతారు. మొగుడు కొడితే "ద్వేషం పెట్టుకోకమ్మా, క్షమించు" అని పోలీస్ స్టేషన్ మెట్ల మీంచి వెనక్కి తీసుకొచ్చిన సంఘాలున్నాయి. నేను స్కూల్లో ఉండగా, 1985 జూలై 17న కారంచేడులో దళితుల్ని వెంటాడి నరికారు. ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు చీరాల పరిగెత్తి శిబిరంలో ఉన్నారు. మా నాన్న పేపరు చదువుతూ చదువుతూ మడిచి చంకలో పెట్టుకుని వీధిలోకి వెళ్లిపోవడం నాకు గుర్తు. ఆ జనం ఊరికే ఊరుకోలేదు. కేసు సుప్రీంకోర్టు దాకా నడిచి 2008లో తీర్పొచ్చింది. 23 ఏళ్లు న్యాయం అడగడం ద్వేషమా? దాన్ని ద్వేషం అన్నవాణ్ణే అనుమానించాలి. ద్వేషం ఆ పొద్దున గొడ్డళ్లు పట్టుకున్న చేతుల్లో ఉంది. అవతలివాడు చేసినదానికి జవాబు చెప్పాలనడం వేరు, అవతలివాడు లేకుండా పోవాలనడం వేరు. నేను లిఫ్ట్‌లో కోరుకుంది రెండోది.

"వెళ్లి నీ సహోదరునితో సమాధానపడుము" అన్నాడు కదా యేసు అని మొన్న శనివారం విల్లివాక్కం వెళ్లాను. అరటిపళ్లు తీసుకెళ్లాను, స్వీట్లు తినకూడదట. నాన్న కుర్చీలో కూర్చున్నాడు వాడు, బనియను వదులైంది. "రా అక్కా" అన్నాడు, లేవబోయాడు, కూర్చోమన్నాను. మరదలు కాఫీ ఇచ్చింది. నాకు చక్కెర తక్కువని ఇంకా గుర్తుంది దానికి. ఇల్లు మాట ఎవరం ఎత్తలేదు. మాత్రల డబ్బాలో పొద్దుటి గడిలో ఒకటి మిగిలిపోయి ఉంటే, వేసుకోలేదేరా అని అడిగాను. నాన్నని అడిగిన గొంతే వచ్చింది. నాకే చిరాకేసింది.

వాడికి పంపిన లాయర్ నోటీసు వెనక్కి తీసుకోవడం లేదు, నా సగం నాకు కావాలి. వాడి పేరు రాత్రి ప్రార్థనలో చెబుతున్నాను, ఇంకా పళ్లు బిగబట్టే. మళ్లీ బల్ల రెండు వారాల్లో ఉంది. ట్రే వస్తే తీసుకుంటానో లేదో తెలియదు. ఆంటీ మాత్రం ఫోన్ చేసి, జామకాయ తీపిగా ఉందా అని అడిగింది.