తెల్లనివన్నీ పాలేనని నమ్మే పద్ధతి గారికి

మహారాజశ్రీ ఫోటోక్లినోమెట్రీ గారి సముఖానికి,

ఫొటోలోని వెలుగు చూసి గ్రహాల ఎత్తుపల్లాలు చెప్పేసే మీ జోస్యానికి ముందుగా ఒక నమస్కారం. సూర్యుడికి ఎదురుగా ఉన్న వాలు తెల్లగా, పెడమొహం పెట్టిన వాలు నల్లగా కనబడతాయి. ఆ లెక్కను తిరగేస్తే వాలు తెలుస్తుంది, వాలులన్నీ వరసగా కూడితే కొండ లేస్తుంది. వినడానికి ఎంత ముద్దుగా ఉందో! తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకునే మనసు మీది.

మొన్న చంద్రుడి మీది రైనర్ గామా ఫొటో మీ చేతికిచ్చాను. చదునైన లావా మైదానంలో ఎవరో సుద్దతో ముగ్గు వేసి వదిలేసినట్టుండే తెల్లని మచ్చ అది. ఆ నేలకు కాస్త అయస్కాంతత్వం ఉంది, మిట్ట మాత్రం లేదు. మీరేమి చేశారు? సూర్యుడున్న వైపు నుంచి బయలుదేరి, తెలుపు కనబడగానే ఎక్కడం మొదలుపెట్టారు. మచ్చ దాటాక నేల మళ్లీ మామూలు బూడిద రంగుకు వచ్చింది. మామూలు రంగంటే మీ భాషలో చదును, కనుక దిగలేదు. ఎక్కిన ఎత్తులోనే తాపీగా ఫొటో అంచు దాకా నడిచి వెళ్లారు. ముగ్గు మీద మేడ కట్టడమే గాక, అవతలి మైదానాన్ని కూడా మేడ మీదికి ఎక్కించారు!

వెలుగు అనే ఒక్క అంకె చేతిలో పెట్టి, వాలు ఎంత, రంగు ఎంత అని రెండు ప్రశ్నలు అడగడం మా తప్పే అనుకోండి. కానీ ‘నేలంతా ఒకే రంగు అనుకుందాం’ అని మొదటి పంక్తిలోనే మాట తీసుకుని తప్పించుకున్నది మీరు. సూర్యకాంతికి అడ్డంగా ఉన్న వాలు సంగతి అడిగితే దాదాపు మౌనవ్రతం. పున్నమి నాడు నీడలన్నీ పోయి మచ్చలే మిగులుతాయి, ఆ రోజు మీకు సెలవు ఇవ్వడమే మంచిది.

మనుషులేమీ మీకంటే తెలివైనవారు కారు. 1976 జులై 25న వైకింగ్ 1 వ్యోమనౌక అంగారకుడి మీద సిడోనియా అనే ప్రాంతంలోని ఒక గుట్టను ఏటవాలు ఎండలో ఫొటో తీస్తే, నీడలు కళ్లయ్యాయి, నోరయ్యాయి. ప్రసారంలో డేటా పోయి ఏర్పడిన ఒక నల్ల చుక్క ముక్కుపుటం కూడా అయింది. 2001లో మరింత స్పష్టమైన ఫొటో వచ్చేసరికి మొహం పోయి గుట్ట మిగిలింది.

అయినా మిమ్మల్ని పనిలోంచి తీసేయలేను. మార్స్ గ్లోబల్ సర్వేయర్ అనే వ్యోమనౌకలోని లేజర్ అంగారకుడి ఎత్తును నిజాయితీగా కొలిచింది గానీ, చుక్కకూ చుక్కకూ మధ్య సుమారు 300 మీటర్లు వదిలేసింది. ఆ సందులో ఉన్న చిన్న గుంతను, ఇసుక దిబ్బ అంచును పట్టుకోవాలంటే మళ్లీ మీ గుమ్మమే తొక్కాలి. కనుక ఒక ఒప్పందానికి రండి. ఎత్తు మాట లేజర్ చెబుతుంది, మధ్యలోని గరుకు మాత్రమే మీరు చెప్పండి. దారిలో ముగ్గు కనబడితే దయచేసి చుట్టూ తిరిగి వెళ్లండి.

ఇట్లు,
రైనర్ గామా మేడ ఎక్కి ఇంకా దిగనివాడు